మృగయ, మైత్రి: వ్యాధుని హృదయంలో కరుణకు చోటున్నదా?

ప్రేమించిన ప్రాణిని వధించడం సంభవమా? వధించిన చేతికి ప్రేమ అంటుతుందా? అహింసను పరమధర్మంగా భావించే సాధకునికి ఈ ప్రశ్నకు సమాధానం సులభంగా తోస్తుంది. వేటగాడు హింసాపరుడు, అతని నోట ప్రేమ అన్న మాట ఆత్మవంచన అని పూర్వపక్షం. అయితే మన ఇతిహాస పురాణాలు ఈ విషయంలో ఇంత తొందరపడి తీర్పు చెప్పలేదు. వ్యాధుణ్ణి గురుపీఠంపై కూర్చోబెట్టిన సంస్కృతి మనది. అలాగే మృగయను రాజవ్యసనాలలో ప్రథమంగా లెక్కించిన స్మృతి కూడా మనదే. ఈ రెండింటి మధ్య ఉన్న సూక్ష్మాన్ని చరిత్ర దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

రెండు కొండల నడుమ ఒక పట్టణం

ఈ విచారణకు అనకాపల్లి కంటె తగిన స్థలం అరుదు. పట్టణానికి కూతవేటు దూరంలో శంకరం గ్రామం ఉన్నది. 'సంఘారామం' అన్న పదమే కాలక్రమాన శంకరంగా మారిందని పండితుల అభిప్రాయం. అక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండలపై ఏకశిలా స్తూపాలు, గుహాలయాలు, బుద్ధమూర్తులు ఉన్నాయి. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే జరిపిన త్రవ్వకాలలో వీటి చరిత్ర వెలుగుచూసింది. సముద్రగుప్తుని సువర్ణ నాణెం సైతం ఇక్కడ లభించింది. శతాబ్దాలపాటు ఈ కొండలపై భిక్షువులు ప్రాణాతిపాత విరమణాన్ని, అనగా ప్రాణి వధకు దూరంగా ఉండడాన్ని, ప్రథమ శీలంగా పాటించారు.

అదే పట్టణం నుంచి చోడవరం, మాడుగుల మీదుగా బయలుదేరితే పాడేరు ఘాట్ మార్గం వస్తుంది. అక్కడి నుంచి తూర్పుకనుమల అరణ్యసీమ. బగత, కొండదొర, వాల్మీకి, కోదు, గదబ, పోర్జ మొదలైన జనజాతుల నివాసమది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి అనకాపల్లి ఒక జిల్లాగా, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా మరొకటిగా ఏర్పడ్డాయి గాని, అంతకుముందు ఈ మైదానమూ ఆ మన్యమూ ఒకే విశాఖపట్నం జిల్లా. ఒక దిక్కున అహింసను శిలలో మలచిన కొండ, మరొక దిక్కున విల్లంబులు ధరించి వేటకు కదిలే కొండ. ఈ రెండింటి మధ్య బెల్లం వ్యాపారంతో పేరుగాంచిన ఈ పట్టణం ఉన్నది.

ఇటుకల పండుగ

మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగను మైదానవాసులలో అనేకులు 'వేట పండుగ' అని మాత్రమే ఎరుగుదురు. ఊరిలోని పురుషులందరూ కలిసి అడవికి వేటకు పోవడం, రిక్తహస్తాలతో తిరిగివచ్చిన వారిని స్త్రీలు ఎగతాళి చేయడం, రాత్రులు థింసా నృత్యం, ఇవన్నీ ఆ పండుగలో చూడదగిన దృశ్యాలు. అయితే పండుగకు ప్రాణం వేట ఒక్కటే కాదు, విత్తనం కూడా. రాబోయే సేద్యానికి దాచిన ధాన్యపు విత్తనాలను గ్రామదేవత ఎదుట ఉంచి పూజించి, అనంతరం ఇంటింటికీ పంచుకోవడం ఇందులో ముఖ్యమైన క్రియ. వేటకు వెళ్లే చేయి, విత్తనాన్ని పూజించే చేయి ఒకటే.

ఈ రెండు క్రియలు ఒకే పండుగలో ఎందుకు కలిశాయి? ప్రాణాన్ని తీసుకోవడం, ప్రాణాన్ని మొలిపించడం అరణ్యవాసి అనుభవంలో వేర్వేరు గదులలో ఉండవు. అతడు భుజించే ప్రతి ముద్దా అడవి ఇచ్చినదే. ఇచ్చినవారి పట్ల ఋణభావం సహజం. ఋణభావం నియమాన్ని కోరుతుంది. ఈ 'నియమం' అన్న మాటను ఆధారంగా చేసుకొని ఇతిహాసాల వైపు మళ్లుదాం.

కిందముని అభియోగం

ఆదిపర్వంలోని పాండురాజు కథ అందరికీ తెలిసినదే. మృగరూపంలో భార్యతో క్రీడిస్తున్న కిందమ మునిని పాండురాజు బాణంతో కొట్టాడు, శాపగ్రస్తుడైనాడు. ఈ కథలో మనం సామాన్యంగా శాపాన్ని గుర్తుంచుకొని, వారి నడుమ జరిగిన సంవాదాన్ని విస్మరిస్తాము. రాజులు మృగాలను వేటాడడం ఆచారమేననీ, అగస్త్యుడంతటి మహర్షి సైతం సత్రయాగ సందర్భంలో అరణ్యమృగాలను దేవతల కొరకు వినియోగించాడనీ పాండురాజు వాదించాడు. ముని ఆ వాదాన్ని ఖండించలేదు. మృగాన్ని చంపినందుకు నిన్ను నిందించడం లేదు, సంగమ సమయంలో ఉన్న జంటను, సృష్టి జరుగుతున్న క్షణంలో కొట్టినందుకు నిందిస్తున్నాను అన్నది అతని తాత్పర్యం.

అనగా మహాభారతకర్త దృష్టిలో వేటగానికీ ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు పేరు సంతానక్రమం. ప్రాణిని ఆహారంగా స్వీకరించవచ్చునేమో గాని, ప్రాణిజాతి కొనసాగింపుపై బాణం వేయరాదు. వాల్మీకి హృదయాన్ని కదిలించిన క్రౌంచవధలో సైతం నిషాదుడు చేసిన అపచారం ఇటువంటిదే. జంటలో ఒకదానిని కొట్టాడు.

ఈ నియమం గ్రంథాలకే పరిమితమైనది కాదు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు నల్లమల చెంచుల మధ్య నివసించి, వారి జీవనాన్ని 1943లో గ్రంథంగా ప్రకటించాడు. చెంచులకు అడవిమృగాల అధిదేవత గారెల మైసమ్మ. వేట దొరకాలని ఆమెనే ప్రార్థిస్తారు, దొరికినదానిలో ముందుగా ఆమెకే భాగం అర్పిస్తారు. పూర్వం ఆడమృగాన్ని చంపితే ఆ తల్లికి ఆగ్రహం కలుగుతుందని వారు నమ్మేవారని ఆయన నమోదు చేశాడు. వ్యాసభారతం చదువని చెంచు, అడవిని చదివి, కిందముడు చెప్పిన ధర్మానికి అతి సమీపమైన చోటికే చేరుకున్నాడు. మృగం తనది కాదు, తల్లిది. అనుమతి అడగాలి, భాగం ఇవ్వాలి, హద్దు దాటరాదు. తిన్నడు తాను వేటాడి తెచ్చిన మాంసాన్ని శ్రీకాళహస్తీశ్వరునికి నివేదించడంలోని అంతరార్థం కూడా ఇదే కదా! తనకు దక్కినదానిని తనది అనుకొనకుండా ముందుగా స్వామికి సమర్పించాడు. చివరకు తన నేత్రాలనే అర్పించడానికి వెనుదీయలేదు. మృగాన్ని అర్పించిన చేయి తన దేహాన్ని మినహాయించుకోలేదు. అందుకే అతడు కన్నప్ప.

మృగభాష తెలిసిన వేటగాడు

ఈ విషయంలో ఇంకా లోతైన కథ ఒకటి మన తెలుగువారి సొంతమైన ప్రబంధంలో ఉన్నది. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రకు మూలం మార్కండేయ పురాణం. అందులో కథానాయకుడైన స్వరోచి గొప్ప వేటగాడు. విభావరి అనే కన్య వల్ల అతనికి సర్వప్రాణుల భాషను గ్రహించే విద్య లభించింది. ఒక్క క్షణం ఆలోచించండి. మృగాల మాటలు తెలిసినవాడు వేటకు వెళ్తున్నాడు. అతని చెవికి అడవి అరుపుల సమూహంగా కాక, సంభాషణగా వినవస్తుంది.

ఒకనాడు అతడు వరాహంపై బాణం సంధించగా ఒక లేడి ఎదుటికి వచ్చి, దానిని విడిచి తనను కొట్టమని వేడుకొన్నది. కారణం అడిగితే, తన మనస్సు అతనిపై లగ్నమైనదనీ, అతడు దక్కనప్పుడు మరణమే తనకు ఔషధమనీ చెప్పింది. మనుష్యునికీ మృగానికీ పొందు ఎట్లు సాధ్యమని అతడు సందేహించగా, ఆలింగనం చేసుకొమ్మన్నది. బాణం దించి అతడు ఆమెను కౌగలించుకొన్నాడు. ఆ లేడి వనదేవతగా నిలిచింది. వారికి జన్మించినవాడే రెండవ మనువైన స్వారోచిషుడు.

పురాణం ఇక్కడ ఏమి బోధిస్తున్నది? వేటగాడు మృగానికి అతి చేరువగా జీవించేవాడు. దాని అడుగుజాడ, నీటిరేవు, మేతవేళ, భయం, తెలివి అతనికి తెలిసినట్లు మరొకరికి తెలియవు. ఈ చనువు నుంచి రెండు దారులు చీలుతాయి. ఒకటి ఆ జ్ఞానాన్ని బాణపు మొనగా మార్చుకోవడం. రెండవది, ఆ జ్ఞానం పరిపక్వమై విల్లు చేజారిపోవడం. స్వరోచి కథలో రెండవ దారినుంచే ఒక మన్వంతరం పుట్టింది. దీనికి ప్రతిబింబంగా దశరథుని కథను తలచుకొనండి. ఆయన శబ్దవేధి. చీకటిలో, చూడకుండా, ఎవరో తెలియకుండా, నీరు ముంచుకొనే సవ్వడిని విని బాణం విడిచాడు. ముని కుమారుడు మరణించాడు. తెలియనిదానిని కొట్టిన వేటలో మిగిలినది శోకం, శాపం.

ఇది పురాణకల్పన మాత్రమే అనుకొననవసరం లేదు. జిమ్ కార్బెట్ కుమావూ కొండలలో 1907లో చంపావత్ నరభక్షక పులిని సంహరించాడు. అది 436 మందిని బలిగొన్నదని లెక్క. అటువంటి వేటగాడే పిమ్మట తుపాకి స్థానంలో కెమెరాను ఎక్కువగా చేపట్టి, పులుల రక్షణకై పాటుపడ్డాడు. మన నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో నేడు కాపలా విధులలో చెంచులున్నారు. పాదముద్రను చూసి పులి ఎటు పోయిందో చెప్పగల చూపు పుస్తకాలతో వచ్చేది కాదు. పూర్వులు వేటకై సంపాదించిన విద్య నేడు రక్షణకు ఉపకరిస్తున్నది.

ధర్మవ్యాధుని నిజాయతీ

ఇంతవరకు విన్న సాధకుడు ఇలా ప్రశ్నించవచ్చు: 'నియమం, అర్పణ, చనువు, ఇవన్నీ ఉన్నంతమాత్రాన హింస హింస కాకుండా పోతుందా?' పోదు. ఈ మాటను ఎవరికంటె నిర్మొహమాటంగా చెప్పినవాడు అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు. మిథిలానగరంలో మాంసం విక్రయిస్తూ, తపస్వి అయిన కౌశికునికి ధర్మరహస్యాన్ని బోధించినవాడు. తాను స్వయంగా ప్రాణులను చంపననీ, మాంసం భుజించననీ, ఇతరులు చంపి తెచ్చినదానిని విక్రయిస్తాననీ చెబుతూనే, తన వృత్తి ఘోరమైనదని అంగీకరించాడు. పూర్వజన్మలో బ్రాహ్మణుడై ఉండి, రాజమిత్రునితో వేటకు పోయి, మృగమని భ్రమించి ఋషిని బాణంతో కొట్టిన కారణంగా ఈ జన్మ సంప్రాప్తించిందనీ వివరించాడు.

అంతటితో ఆగక శ్రోత వైపు కూడా దర్పణం తిప్పాడు. నాగలి భూమిని చీల్చేటప్పుడు ఎన్ని ప్రాణులు నశిస్తున్నాయి? నడిచేటప్పుడు, కూర్చునేటప్పుడు, నీరు త్రాగేటప్పుడు ఎన్ని సూక్ష్మజీవులు హతమవుతున్నాయి? ఈ లోకంలో హింస లేని జీవనం ఎవరిది? హింసను సమర్థించడానికి ఆయన ఈ ప్రశ్నలు వేయలేదు. 'నేను శుద్ధుణ్ణి, వాడు పాపి' అన్న గర్వాన్ని ఛేదించడానికి వేశాడు. శాకాహారియైన గృహస్థుని పళ్లెంలోని అన్నం వెనుక సైతం నరికిన అడవి, తరిమిన మృగం ఉన్నాయి. ఆ సంగతి తెలిసి వినయంతో భుజించడం వేరు, తెలియక అహంకారంతో భుజించడం వేరు. వేటగాడు తాను చేసిన వధను కళ్లారా చూస్తాడు. తక్కినవారు చూడరు. నైతిక దృష్టిలో ఇది స్వల్పమైన భేదం కాదు.

సింహాసనం నుంచి వచ్చిన అహింస

చరిత్రలో అహింస రాజశాసనంగా వచ్చినప్పుడు ఏమి జరిగింది? కర్నూలు మండలంలోని ఎర్రగుడి శిలలపై అశోకుని ప్రధాన శాసనాలు లిఖితమై ఉన్నాయి. పూర్వం తన వంటశాలకై నిత్యం అసంఖ్యాక ప్రాణులు హతమయ్యేవనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుతున్నాయనీ, మున్ముందు అవి కూడా చంపబడవనీ మొదటి శాసనంలో చెప్పాడు. ఎనిమిదవ శాసనంలో వేటవిహారాలకు బదులు ధర్మయాత్రలు ఆరంభించానన్నాడు. తన లోపాన్ని లెక్కలతో సహా శిలపై చెక్కించుకొన్న ఆ చక్రవర్తి నిజాయతీ వందనీయం. అయితే పదమూడవ శాసనంలో, కళింగయుద్ధ పశ్చాత్తాపం వెల్లడించిన చోటనే, అటవీజనులను అనునయిస్తూ, వారిని దండించే శక్తి తనకున్నదని హెచ్చరించాడు. అహింస పలికిన నోటనే అడవివాసికి బెదిరింపు వినిపించింది.

ఆధునిక కాలంలో ఈ వైపరీత్యం మరింత పెరిగింది. 1882 మద్రాసు అటవీ చట్టం అనంతరం మన్యవాసుల పోడు సేద్యం, అడవిలో సంచారం ఆంక్షలకు గురైనాయి. ఆ ఆక్రోశంలోనుంచి 1922లో అల్లూరి సీతారామరాజు సాయుధ పోరాటం చెలరేగింది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై ఆ ఆగస్టులో దాడులు జరిగాయి. 1924 మేలో వీరమరణం పొందిన ఆయన సమాధి నేటి అనకాపల్లి జిల్లాలోని కృష్ణదేవిపేటలోనే ఉన్నది. అడవిబిడ్డ అడవిలో అడుగుపెట్టడం నేరమైన ఆ రోజులలోనే, దొరలకూ జమీందారులకూ షికారు గౌరవచిహ్నం. పులిని చంపినవారికి ప్రభుత్వం బహుమానాలిచ్చింది. 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్లలో 80 వేలకు పైగా పులులు వధింపబడ్డాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. ఆకలితో ఒక జింకను కొట్టినవానికీ, గోడకు తల తగిలించుకోవడానికి పులిని కాల్చినవానికీ గల తారతమ్యం ధర్మశాస్త్రకారులకు తెలుసు. మనుస్మృతి కామజ వ్యసనాలలో ముందుగా చెప్పినది రాజుల మృగయనే. వ్యసనం ఆకలి నుంచి పుట్టదు, అందువల్ల తృప్తి ఎరుగదు.

స్వాతంత్ర్యానంతరం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైనది. అడవివాసుల సంప్రదాయ హక్కులను గుర్తించిన 2006 అటవీ హక్కుల చట్టం సైతం వేటను ఆ హక్కుల నుంచి స్పష్టంగా మినహాయించింది. మృగసంతతి క్షీణించిన వేళ ఈ కట్టడి అవసరమేనని అంగీకరించవలసిందే. కాని మృగసంతతి క్షీణించడానికి ప్రధాన కారకుడు ఎవడో మరువరాదు. దోషం పెద్దదిగా ఒకరిది, నిషేధపు బరువు పెద్దదిగా మరొకరిది. ఈ అన్యాయాన్ని గుర్తించకుండా మన్యవాసికి అహింసా ప్రవచనం చేసేవాని మాటకు ధర్మబలం ఉండదు.

వేట ఎక్కడికి వెళ్లాలి?

మరి ఇటుకల పండుగలోని వేట ఏమి కావాలి? సంప్రదాయం ఈ చిక్కును ఇదివరకే ఒక విధంగా విప్పింది. తిరుమలలో కనుమనాడు పారువేట ఉత్సవం జరుగుతుంది. స్వామి పారువేట మండపానికి వేంచేస్తాడు. కృత్రిమ మృగాలపై అర్చకులు స్వామి తరఫున బల్లెం విసురుతారు. ప్రాణి హతం కాదు, వేట మాత్రం జరుగుతుంది. అహోబిలంలో చెంచులక్ష్మిని పరిణయమాడిన నరసింహుడు సంక్రాంతి వేళ పారువేటకై బయలుదేరి, దినాల తరబడి పల్లెపల్లెనా సంచరించి భక్తుల ఆతిథ్యం స్వీకరిస్తాడు. అక్కడ వేట సందర్శనమైనది. వేటలోని సాహసం, సమష్టితత్వం, అడవితో బాంధవ్యం, దేవతకు నివేదన, అన్నీ నిలిచాయి. రక్తం తొలగింది. ఇటువంటి పరిణామం బయటివారి ఆజ్ఞతో రాదు. ఆ దేవతను తమ తల్లిగా ఎరిగినవారి లోపలనుంచే రావాలి.

అందుకు కావలసిన దృష్టాంతం మహాభారతంలోనే ఉన్నది. అరణ్యవాస కాలంలో పాండవులు ద్వైతవనంలో వేటతో జీవించారు. ఒక రాత్రి ధర్మరాజుకు కలలో జింకలు కన్నీటితో కనిపించాయి. నీ సోదరుల వేటవల్ల మా జాతి తరిగిపోయింది, మేము విత్తనాలవలె కొద్దిమందిమే మిగిలాము, నీ దయ ఉంటే మళ్లీ వృద్ధి పొందుతాము, నివాసం మార్చుకొమ్మని ప్రార్థించాయి. ధర్మరాజు మేల్కొని, అవి సత్యమే చెప్పాయి, దయ చూపడం మన విధి అని తమ్ములకు చెప్పి, ఆ వనాన్ని విడిచి కామ్యకవనానికి తరలిపోయాడు.

మృగాలు తమను తాము విత్తనాలతో పోల్చుకొన్నాయి. విత్తనాన్ని తినివేసిన రైతుకు మరుసటి ఏడు పంట లేదు. ఈ సంగతి ఇటుకల పండుగ జరుపుకొనే మన్యవాసికి ఎవరూ నేర్పనవసరం లేదు. ధాన్యపు గింజను దేవత ఎదుట పెట్టి మ్రొక్కే చేయి అతనిది. మిగిలిన కొద్ది జింకలు సైతం అదే దేవత ఎదుట ఉంచదగిన విత్తనాలని ఆ పండుగ అంతరార్థమే పలుకుతున్నది. నేడు ప్రతి అడవీ ద్వైతవనమే. మనం మాత్రం ధర్మరాజువలె మరొక వనానికి తరలిపోలేము, అటువంటి వనం మిగలలేదు. కనుక మారవలసినది నివాసం కాదు, నడవడి.

సాధకునికి

వేటగాడు ప్రేమించగలడా అన్న ప్రశ్నతో ఆరంభించాము. ప్రేమించగలడు. అయితే ఆ ప్రేమకు పరీక్ష మాటలో లేదు. కిందముడు అడిగిన నియమంలో, చెంచులు అర్పించిన భాగంలో, ధర్మవ్యాధుడు దాచని నిజంలో, ధర్మరాజు విన్న మృగార్తనాదంలో ఉన్నది. ఆ పరీక్ష వేటగానికి మాత్రమే అనుకొంటే పొరపాటు. పొలం దున్నేవానికి, గని త్రవ్వేవానికి, కలపతో ఇల్లు కట్టుకొనేవానికి, రెండు పూటలా భుజించే ప్రతి దేహధారికీ అదే పరీక్ష. భోజనానికి ముందు పరిషేచనం చేసి, ప్రాణాహుతులు సమర్పించే ఆచారం ఇందుకే ఏర్పడింది. ఎవరి ప్రాణం మన ప్రాణమైనదో ఒక్క క్షణం స్మరించడమే దాని భావం.

బొజ్జన్నకొండ మీది బుద్ధుడు, మన్యపు అడవిలోని తల్లి, ఇద్దరూ ఒకే ప్రాంతపు దైవాలు. ఒకరు వధించవద్దన్నారు. మరొకరు అనుమతి అడిగి, హద్దు ఎరిగి తీసుకొమ్మన్నారు. ఈ రెండు వాక్కుల మధ్య దూరం అనకాపల్లికీ పాడేరుకూ మధ్య ఉన్నంతే. ఘాట్ రోడ్డు మలుపులు అనేకం, దారి మాత్రం ఒకటే.

స్వస్తి.